అమెరికా నుంచి మిషన్ సేవకు వచ్చే పెద్ద దంపతులకు విశాఖలో ఇల్లు ఎలా సిద్ధం చేయాలి?

మీరడిగింది ఇదీ: మీ లాటర్-డే సెయింట్స్ (మోర్మన్లు అని పిలిచే క్రైస్తవ చర్చి) బ్రాంచికి, అంటే ఊళ్లోని చిన్న సంఘానికి, అమెరికా నుంచి అరవై దాటిన భార్యాభర్తలు ఏడాదిన్నర సేవకు వస్తున్నారు. ఫ్లాట్ చూడ్డం దగ్గర్నుంచి సరుకుల దాకా మీ మీద పెట్టారు, ఎక్కడ మొదలుపెట్టాలి అని. బాత్రూమ్‌తో మొదలుపెట్టండి. వంటిల్లు తర్వాత చూసుకోవచ్చు.

వాళ్ల ఇళ్లలో స్నానం చేసే చోటు తప్ప మిగతా నేల పొడిగా ఉంటుంది. మన బాత్రూమ్‌లో నేలంతా తడే. రాత్రి రెండుసార్లు లేచే వయసులో జారిపడ్డం అక్కడే జరుగుతుంది. కమోడ్ పక్కన ఒకటి, షవర్ కింద ఒకటి స్టీలు పట్టుకమ్మీలు గోడకు డ్రిల్ చేసి బిగించండి. టైల్ వెనక పైపు ఎటు వెళ్తుందో ప్లంబర్ చూసి చెప్పాకే రంధ్రం పెట్టాలి. రబ్బరు కప్పుతో గోడకు అతుక్కునే రకం కొనకండి. తేమకు వదులై, సరిగ్గా మనిషి బరువు పడినప్పుడే ఊడి వస్తుంది. గుమ్మం దగ్గర దిమ్మ ఉంటే దానిమీద పసుపు టేపు వేయండి. టాయిలెట్ పేపర్ కోసం మూత ఉన్న డబ్బా పెట్టి, పేపర్ కమోడ్‌లో వేయొద్దని మొదటి రోజే చెప్పండి. మొహమాటపడి ఊరుకుంటే పాత బిల్డింగుల్లో పైపు జామ్ అవుతుంది.

ఫ్లాట్ ఎక్కడ? ఫోటో చూడగానే సముద్రం కనిపించేదే కావాలంటారు. బీచ్ పక్కనైతే ఉప్పుగాలికి ఏసీ బయటి యూనిట్ కాయిల్, తాళాలు, కిటికీ గ్రిల్స్ తుప్పు పట్టిపోతాయి. ఎంవీపీ కాలనీ లోపలి సెక్టార్లు గానీ సీతమ్మధార గానీ నయం, రైతుబజారు దగ్గర. రెండో అంతస్తు దాటొద్దు. లిఫ్ట్ ఉందా అని కాదు, లిఫ్ట్‌కి జనరేటర్ ఉందా అని అడగండి.

కరెంటు సంగతి వాళ్లు బయల్దేరకముందే చెప్పాలి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230, 50. ఛార్జర్లు, నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి అందించే సీపాప్ మిషన్ల మీద సాధారణంగా 100–240 అని ఉంటుంది, వాటికి ప్లగ్ అడాప్టర్ చాలు. హీటింగ్ ప్యాడ్, హెయిర్ డ్రయ్యర్ లాంటివాటి మీద 120 మాత్రమే ఉంటే అక్కడే వదిలేసి రమ్మనండి. అడాప్టర్ పిన్నును మారుస్తుందే తప్ప వోల్టేజీని తగ్గించదు, పెట్టిన వెంటనే కాలిపోతాయి. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా, కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే గడియారం ఇక్కడ గంటకు పది నిమిషాలు వెనకబడుతుంది. సీపాప్ ఉంటే ఇన్వర్టర్ తప్పనిసరి. దాని లైను పడకగదిలోని ఆ ప్లగ్ పాయింటుకి వచ్చేలా ఎలక్ట్రీషియన్‌తో వేయించండి. మామూలుగా ఫ్యాను, లైటుకే ఇచ్చి వెళ్లిపోతారు.

గ్యాస్ కన్నా మొదటి నెలలో ఇండక్షన్ స్టవ్ సులువు. రెండు వేల వాట్లది 15 ఆంప్స్ సాకెట్‌లోనే పెట్టాలి. గిన్నె అడుగుకి అయస్కాంతం అంటుకుంటేనే పనిచేస్తుంది. గ్యాసే కావాలంటే తక్కువ కాగితాలతో దొరికే 5 కేజీల చిన్న సిలిండర్ ఇద్దరికి సరిపోతుంది.

తాగడానికి 20 లీటర్ల క్యాన్ వేయిస్తారు కదా, అది ఇరవై కేజీల పైనే. దాన్ని ఎత్తి బోర్లించే స్టాండు వద్దు, క్యాన్ మూతికి తగిలించే ఛార్జింగ్ పంపు కొనండి. పళ్లు తోముకోవడానికీ ఆ నీళ్లే, కూరగాయలు ఆఖరిసారి కడగడానికీ ఆ నీళ్లే. వాళ్ల మతనియమం ప్రకారం ఆదివారం ఏదీ కొనరు. అందుకని శనివారం సాయంత్రానికి నిండు క్యాన్ ఒకటి అదనంగా ఉండాలి.

మతనియమం వల్ల వాళ్లు టీ, కాఫీలు తాగరని మీకు తెలుసు, పక్క ఫ్లాట్లవాళ్లకు తెలీదు. కప్పు చేతికిచ్చాక కాదంటే ఇచ్చినావిడ నొచ్చుకుంటుంది. “అంకుల్, ఆంటీలకి మజ్జిగో రాగిజావో ఇవ్వండి” అని ముందే చెప్పి ఉంచండి. వాళ్ల చర్చిలో నెలలో మొదటి ఆదివారం ఉండే ఉపవాసం విషయంలో మాత్రం మొహమాటం లేకుండా మాట్లాడండి. షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు, ఆరోగ్యం బాగోలేనివాళ్లు ఉండనక్కర్లేదని వాళ్లకూ తెలుసు, ఇక్కడి మే నెల ఉక్కపోత సంగతే తెలీదు. బీపీకి నీరు పోయే మాత్ర వాడేవాళ్లు మరీ జాగ్రత్త. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి, చిన్నది 200 మి.లీ.కి. పెద్దది గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై మేలు కన్నా కీడు జరుగుతుంది.

మందుల చీటీలో బ్రాండ్ పేరు కాకుండా అసలు మందు పేరు, మోతాదు రాయించుకుని రమ్మనండి. టైలినాల్ అంటే ఇక్కడి పారాసిటమాల్, అల్బ్యుటెరాల్ అంటే సాల్బ్యుటమాల్. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడుతుంటే తోటకూర, గోంగూర ఒక్కసారిగా పెంచొద్దు, రక్తపరీక్ష లెక్క తప్పుతుంది. అమెరికా మెడికేర్ మామూలుగా ఇక్కడి ఆసుపత్రి ఖర్చు ఇవ్వదు. ఏ బీమా, ఎవరికి ఫోన్ చేయాలి అన్నది కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి.

కాగితాల్లో ముఖ్యమైనవి రెండు. ఇల్లు ఇచ్చిన ఓనరు విదేశీయులు దిగిన 24 గంటల్లో వివరాలు ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. చాలామంది దాన్ని ఫారం-సి అనే అంటారు. వీసా 180 రోజులు దాటినదైతే దిగిన 14 రోజుల్లో ఈ-ఎఫ్ఆర్ఆర్ఓలో (విదేశీయులు నమోదు చేసుకునే ప్రభుత్వ వెబ్‌సైట్) రిజిస్ట్రేషన్ చేయించాలి. దానికి అద్దె ఒప్పందం అడుగుతారు కాబట్టి అది వాళ్లు రాకముందే తయారవ్వాలి. వచ్చేది మిషనరీ వీసా మీదే, టూరిస్టు వీసా మీద ఈ పని కుదరదు. ఇంకొకటి, ప్రభుత్వం నోటిఫై చేసిన ఆలయ ప్రాంతాల్లో అన్యమత ప్రచారాన్ని 2007లో చట్టం చేసి నిషేధించారు. సరదాగా సింహాచలం కొండ చూడ్డానికి వెళ్లినా కరపత్రాలు ఇంట్లో పెట్టి, పేరు బ్యాడ్జీలు తీసి వెళ్లమనండి.

అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు సరిగ్గా పనిచేయలేదు. హెచ్చరిక రాగానే నాలుగు క్యాన్ల నీళ్లు, వారం మందులు, చిల్లర నోట్లు, ఛార్జ్ చేసిన పవర్ బ్యాంకులు ఇంట్లో ఉండాలి. అమెరికాలోని వాళ్ల పిల్లలకి ముందే ఫోన్ చేసి రెండు మూడు రోజులు మాట్లాడకపోయినా కంగారుపడొద్దని చెప్పించండి. లేకపోతే వాళ్లు అమెరికా నుంచి మీకే రాత్రంతా ఫోన్లు చేస్తుంటారు.