థాయ్‌లాండా, మారిషసా? భీమవరం అన్నగారికి

అన్నగారూ, మీకు 56, వదినగారికి 53, రొయ్యల చెరువులవాళ్లకు ఫోన్లో సలహాలిస్తూ కొంత సంపాదన ఉంచుకోవాలి, రిటైరయ్యాక వెళ్లి స్థిరపడటానికి థాయ్‌లాండా మారిషసా తేలట్లేదు అన్నారు.

ముందు ఆ సంపాదన సంగతే తేల్చుకోండి. థాయ్‌లాండ్ రిటైర్మెంట్ వీసాకి 50 నిండాలి, అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌లు ఉండాలి, లేదా నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం చూపించాలి. కానీ ఆ వీసా మీద పని చేయకూడదు. ఫోన్లో సలహాలు కూడా పనే అవుతాయేమో లాయర్ని అడిగాకే డబ్బు కదపండి. ఆసుపత్రుల విషయంలో మాత్రం బ్యాంకాక్‌కే నా ఓటు, విమానంలో దగ్గర కూడా.

మారిషస్‌లో వదినగారికి ఒంటరితనం తక్కువ. మన కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన కూలీల వారసులు అక్కడున్నారు, ఉగాదికి సెలవిస్తారు. ఆఫీసుల్లో ఇంగ్లీషు నడుస్తుంది, వీధిలో మాత్రం క్రియోల్ నేర్చుకోవాలి. తుఫాన్లు అక్కడా తప్పవు, ఎక్కువగా నవంబరు నుంచి ఏప్రిల్ దాకా.

నేనైతే మారిషస్ అంటాను. ముందు ఫిబ్రవరిలో వెళ్లి మూడు నెలలు అద్దెకుండండి. భీమవరం ఇల్లు మాత్రం ఇప్పుడే అమ్మకండి అన్నగారూ, దయచేసి.