లేత్ షాపుకి ఫోన్లు వస్తున్నాయి, పని కుదరడం లేదు: ప్రకటన ఆపేయాలా?

ఫ్లెక్సీ మీదా గూగుల్‌లోనూ "అన్ని రకాల లేత్ పనులు చేయబడును" అని రాశారు, చిక్కంతా అక్కడే. అనంతపురంలో ఆ మాట చదివినోళ్ళు కుక్కర్ పిడికి కూడా మీకే ఫోన్ చేస్తారు. ఒక్క బుష్‌కైనా (తిరిగే కడ్డీకి తొడిగే గొట్టం లాంటి ముక్క) జాబ్, అంటే చెక్కాల్సిన ముక్క, లేత్‌కి కట్టి సెంటర్ చూసుకునేసరికి అరగంట పోతుంది. జనం కూలి లెక్కేసేది కోత కోసిన పది నిమిషాలకే, అందుకే బేరం కుదరదు.

ప్రకటన ఆపొద్దు, మార్చండి.

1. పనుల పేర్లే రాయండి: బోరు పంపు బుష్, ట్రాక్టర్ పిన్, కీవే (కడ్డీకి తొలిచే గాడి). లేత్ బెడ్ పొడవు, చక్‌లో (జాబ్‌ని పట్టుకుని తిప్పే భాగం) పట్టే వ్యాసం, కనీస చార్జీ కూడా వేయండి.

2. అందరూ వదిలేసే లైను ఒకటుంది: "పాత బుష్‌తో పాటు షాఫ్టు (బుష్‌లో తిరిగే కడ్డీ), హౌసింగ్ (బుష్ కూర్చునే గూడు) కూడా తేవాలి." అరిగిన బుష్‌ని కొలిచి కొత్తది చేస్తే ఆ అరుగుదలే మళ్ళీ దిగుతుంది. లోపలి కొలత షాఫ్టు నుంచి, బయటి కొలత హౌసింగ్ నుంచి తీయాలి. గన్‌మెటల్ (కంచు రకం లోహం) బుష్‌ని హౌసింగ్‌లోకి నొక్కి దింపాక రంధ్రం కాస్త మూసుకుంటుంది కాబట్టి ఫైనల్ సైజు దింపాకే రీమర్‌తో (రంధ్రం సైజు సరిచేసే పనిముట్టు) తేవాలి. ఇది ముందే చెప్పకపోతే "షాఫ్టు పట్టేసింది" అని మర్నాడు గొడవ.

3. వాట్సాప్ ఫోటోలో వెర్నియర్ (కొలత పరికరం) రీడింగ్ కనిపిస్తేనే రేటు చెప్పండి.

4. తాడిపత్రి బండల పాలిష్ యూనిట్లకూ, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల మెయింటెనెన్స్ కాంట్రాక్టర్లకూ ఫ్లెక్సీ పనిచేయదు. శాంపిల్ పట్టుకుని మీరే వెళ్ళాలి.