సంతకం పెట్టి జారుకుంటే తప్పేంటన్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ మెయిల్ చూశాను. "మాది బయోకెమిస్ట్రీ, వారం వారం సెమినార్లలో సగం ఎకాలజీ వాళ్లవే, సంతకం పెట్టి జారుకుంటే తప్పేంటన్నా" అని అడిగావు. నేనూ మొదటి ఏడాదంతా జారుకున్నవాణ్నే. రెండో ఏడాది నా వంతొచ్చినప్పుడు 40 నిమిషాల టాక్‌కి 62 స్లైడ్లు పట్టుకెళ్లాను, అసలు ఫలితం దగ్గరికొచ్చేసరికి చైర్‌లో ఉన్న మేడం గడియారం చూసి "ఇంకో రెండు నిమిషాలు" అన్నారు. హడావిడిగా జెల్ ఫొటో (అణువులు సైజును బట్టి విడిపోయి, లేన్లనే వరసల్లో గీతలుగా కనిపించేది) పెడితే, వెనక వరసలోంచి ఒకాయన లేచి నాలుగడుగులు ముందుకొచ్చి, కళ్లు చికిలించి చూసి, "ఇందులో కంట్రోల్ ఏదయ్యా?" అన్నాడు, అంటే పోల్చి చూసుకోడానికి పెట్టే నమూనా. లేన్ల కింద పేర్లు అంత చిన్నవి, నాకూ కనపడలేదు. (నవ్వకు.)

సబ్జెక్టు రాని చోట కూర్చుంటేనే వినేవాడి కష్టం తెలుస్తుందిరా. మనవాళ్ల టాక్‌లో వదిలేసిన ఖాళీల్ని మనకు తెలీకుండానే పూరించేసుకుంటాం. ఎకాలజీ టాక్‌లో అది కుదరదు కాబట్టి, ఏ మాట దగ్గర దారి తప్పావో టక్కున తెలిసిపోతుంది. అందుకని వెళ్లు. నోట్సంతా దించుకోకు, నీ దృష్టి చెదిరిన టైం మాత్రం వేసుకో. రూముకొచ్చి నాలుగు వాక్యాలు తెలుగులో రాయి: ఆయన ప్రశ్న ఏంటి, ఏం చేశాడు, ఏం తేలింది, నాకేది అర్థం కాలేదు. తెలుగులోనే ఎందుకంటే, ఇంగ్లీషులో అయితే స్లైడ్ మీద మాటలే తిరగరాసి అర్థమైందనుకుంటాం. పత్రికలకి సైన్సు రాస్తానంటున్నావుగా, ముందు ఇవి ఓ ముప్పై రాయి.

జర్నల్ క్లబ్‌కి, అదే అచ్చయిన పేపర్ ఒకటి తీసుకుని అందరి ముందూ చర్చించే దానికి, ఏ పేపర్ అన్నావు. నేనైతే 1958 నాటి మెసెల్సన్, స్టాల్ పేపర్ తీసుకుంటా, పాతదని ఎవరైనా మూతి విరిస్తే విరవనీ. డీఎన్‌ఏ కాపీ అయ్యేటప్పుడు పాత పోగులు రెండూ కలిసే ఉండిపోతాయా, చెరో పిల్ల డీఎన్‌ఏకీ ఒకటి పోతాయా, ముక్కలై అన్నిట్లో కలుస్తాయా? ఈ. కోలై అనే బ్యాక్టీరియాని బరువైన నైట్రోజన్-15తో పెంచి, తర్వాత మామూలు నైట్రోజన్-14కి మార్చి, తరం తరానికీ డీఎన్‌ఏ తీసి సీజియం క్లోరైడ్ ద్రావణంలో గిర్రున తిప్పారు. అలా తిప్పితే బరువైన డీఎన్‌ఏ గొట్టంలో కిందికి, తేలికది పైకి చేరి గీతలా నిలుస్తుంది. ఫొటో వెంటనే చూపించెయ్యకు. బోర్డు మీద మూడు గొట్టాలు గీసి, ఒక్కో ఊహ నిజమైతే గీతలెక్కడ రావాలో హాల్లో వాళ్లనే అడుగు. ఆ తర్వాత ఫొటో పెట్టు. మొదటి తరంలో మధ్యన ఒకటే గీత, మొదటి ఊహ పోయింది. రెండో తరంలో మధ్య గీతతో పాటు తేలిక గీత, మూడోదీ పోయింది. హాలు నిద్రపోదు, నాదీ పూచీ.

ఇక పైపైన కొన్ని. గ్రాఫ్ పెట్టగానే ముందు అడ్డం గీత మీద ఏముందో, నిలువు గీత మీద ఏముందో చెప్పు. చెయ్యి వణికితే లేజర్ ఆపేసి, దగ్గరికెళ్లి వేలితో చూపించు. తెలియని ప్రశ్నకి "తెలియదు సార్, చూసి చెప్తా" అను, కానీ ఆ వారంలోనే మెయిల్ పెట్టు, నూటికి తొంభైమంది పెట్టరు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం సెమిస్టర్‌కోసారి ఆర్ఏసీ (పరిశోధన సలహా కమిటీ) ముందు ఎలాగూ నిలబడాలి, థీసిస్ ఇచ్చే ముందు ఫ్యాకల్టీ, స్కాలర్లు అందరూ వినేలా మరోసారి. అప్పుడు నేర్చుకోవచ్చులే అనుకోకు, అక్కడ టెన్షన్ వేరే ఉంటుంది.

నీ డేట్ ఎప్పుడో చెప్పు. స్లైడ్లు నాకు పంపకు. ముందు రోజు రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేసి, స్లైడ్లు లేకుండా నోటితో చెప్పు, మీ వదిన కూడా వింటుంది, ఆవిడది కామర్స్.

అన్న