మీ ఇంట్లో ఆ డబ్బా ఎన్ని రోజులు వస్తది? ముందు అది చెప్పండి

"మా పాపకు మూడేళ్లు. బరువు 10.5 కిలోలే. అన్నం తినదు. బరువు పెరగడానికి డబ్బా పౌడర్ పాలల్లో కలిపి ఇవ్వొచ్చా? ఏ కంపెనీది మంచిది?" అని అడిగారు. కంపెనీ సంగతి తర్వాత. ముందు నేనే మిమ్మల్ని ఒకటి అడుగుతా. డబ్బా కొంటే మీ ఇంట్లో ఎన్ని రోజులు వస్తది? నెల వస్తదంటే మాత్రం ఆ పైసలు దండగే. ఎందుకంటున్నానో తెలియాలంటే మా చిన్నోడి సంగతి చెప్పాలి.

మాది పరకాల దగ్గర ఊరు, ఉండేది హన్మకొండలో. చిన్నోడు పుట్టినప్పుడు మా అత్తమ్మ సమ్మక్కకు నిలువెత్తు బంగారం మొక్కింది. మా దిక్కు కాని వాళ్ల కోసం చెబుతున్నా, బంగారం అంటే బెల్లం. మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం తూచి తల్లులకు సమర్పిస్తాం. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతర. దానికి ముందు జనవరి చివర్లో వరంగల్‌లో బెల్లం దుకాణానికి పోయాం. మా ఆడబిడ్డ కూడా కొడుకును తీసుకొని వచ్చింది. ఇద్దరు పోరగాళ్లకు రెండు నెలలే తేడా.

ముందు ఆడబిడ్డ కొడుకును కాంటా మీద నిలబెట్టారు. 13 కిలోల చిల్లర. తర్వాత మావాడు. కాంటా చూసి భయపడి నా చున్నీ పట్టుకొని వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటే విడిపించి నిలబెడితే తొమ్మిదిన్నర చూపించింది. అప్పటికి వాడికి రెండేళ్ల నాలుగు నెలలు. గుమాస్తా మూడో ముద్ద పెట్టబోయి, చాలని వెనక్కి తీసి, చిన్న ముక్క విరిచి పెట్టాడు. అంతే, మా మొక్కు అయిపోయింది. పక్కన ఆడబిడ్డ సంచి ఇద్దరు పట్టుకొని లేపారు. మా సంచి నేనొక్కదాన్నే ఎత్తుకున్నా.

అత్తమ్మ దుకాణంలో ఏమీ అనలేదు. ఆటో ఎక్కినాక మాత్రం, "పోరనికి పెడుతున్నవా, నువ్వే తింటున్నవా?" అంది. ఆ మాట ఇప్పటికీ యాదికొస్తే కడుపులో దేవినట్టయితది. పిల్లలు బక్కగ ఉంటే తల్లిని అనడం మన దగ్గర ఎంత అలవాటో! పెండ్లికి పోయినా, బారసాలకు పోయినా, బట్టల దుకాణానికి పోయినా ఎవరో ఒకరు పిల్లవాడి రెక్క పట్టుకొని చూసి, "ఏందే గింత సన్నగున్నడు?" అంటారు. తండ్రిని మాత్రం ఒక్కరూ అడగరు.

మరునాడే మెడికల్ షాపుకు పోయి డబ్బా కొన్నా. 400 గ్రాములది. దాంతోపాటు షాపాయన ఆకలి పుట్టిస్తదని ఒక సిరప్ కూడా చేతిలో పెట్టాడు. దాని గురించి తర్వాత చెప్తా. ఇంటికొచ్చి, చిన్నప్పటి నుంచి మనం మాల్ట్ పొడి ఎట్లా కలుపుకున్నామో అట్లనే, టీ చెంచాతో పొద్దున ఒక గ్లాసు పాలల్లో రెండు చెంచాలు, సాయంత్రం రెండు చెంచాలు కలిపి ఇచ్చా. వాడు గటగటా తాగేవాడు. అన్నం ముద్ద పెడితే మూతి తిప్పే పిల్లవాడు గ్లాసు ఖాళీ చేస్తుంటే ఏ తల్లికైనా ప్రాణం లేచొచ్చినట్టే ఉంటది. డబ్బా 25 రోజులు వచ్చింది. అంత ఖరీదుది అన్ని రోజులు వచ్చిందని సంబరపడ్డా. ఇట్లా మూడు డబ్బాలు.

ఏప్రిల్‌లో మా అంగన్‌వాడీ టీచర్ బరువు చూసింది. 9.8. మూడు నెలల్లో 300 గ్రాములు. ఎత్తు 86.5 సెంటీమీటర్లు. జబ్బకు రంగుల టేపు చుట్టి చూస్తే 12.4 సెంటీమీటర్లు, పసుపులో పడింది. ఆ టేపులో 12.5 దాటితే పచ్చ, 11.5 నుంచి 12.5 దాకా పసుపు, 11.5 కంటే తగ్గితే ఎరుపు. "ఎరుపైతే నేనే దవాఖానకు తీస్కపోయేదాన్ని అక్కా, పసుపు కాబట్టి నువ్వే పో, కానీ ఆలస్యం చెయ్యకు" అంది. నాకంటే పదేళ్లు చిన్నది, ఆ రోజు అంత గట్టిగా చెప్పింది కాబట్టే కదిలా.

హన్మకొండలో పిల్లల డాక్టర్, పెద్దాయన. నేను డబ్బా కూడా సంచిలో పెట్టుకొని పోయా, ఎందుకు పెరగట్లేదో ఆయననే అడుగుదామని. ఆయన డబ్బా తిప్పి వెనక రాసింది చదివాడు.

"ఒక గ్లాసుకు ఎంత పొడి వెయ్యాలని ఉందమ్మా దీని మీద?"

నేను ఒక్కసారి కూడా చదవలేదు. 45 గ్రాములని ఉంది, అదీ నీళ్లలో కలపాలని.

"డబ్బాలో ఎంత ఉంది?"

"400 గ్రాములు సార్."

చీటీ వెనక 400 రాసి, కింద 45 రాసి, పెన్ను నా చేతికిచ్చాడు. "నువ్వే లెక్క చెయ్యి." చేశా. తొమ్మిది గ్లాసులు కూడా నిండా కావు.

"తొమ్మిది గ్లాసులకు కావలసిన పొడిని నువ్వు యాభై గ్లాసులకు పోశావు. మరి పిల్లవానికి ఏం పోయింది లోపలికి?"

మీసేవ సెంటర్లో పొద్దంతా దరఖాస్తులు నింపే పని నాది. ఇతరుల కాగితాల్లో ఒక్క అక్షరం తప్పు పోనివ్వను. నా కొడుకు తాగే డబ్బా మీద ఏం రాసుందో చదవలేదు. అక్కడే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ఆయన తిట్టలేదు. ఓపికగా చెప్పాడు. మెడికల్ షాపు అరలో పక్కపక్కనే రెండు రకాల డబ్బాలుంటాయి. ఒకటి మాల్ట్ పొడి: బార్లీ, గోధుమ, చక్కెర, కొన్ని విటమిన్లు. అది పాలకు రుచి. పిల్లలు పాలు తాగడానికి పనికొస్తదేమో గానీ బరువు తక్కువున్న పిల్లవానికి తిండి కాదు. రెండోది, నేను కొన్న రకం: ప్రొటీన్, కొవ్వు, పిండిపదార్థం, విటమిన్లు అన్నీ లెక్క ప్రకారం వేసిన పొడి. రాసినట్టు కలిపితే ఒక్కో మిల్లీలీటరుకు దాదాపు ఒక కేలరీ ఉంటది, అంటే గ్లాసుకు 200 చిల్లర. పదికిలోల పిల్లవానికి రోజుకు కావలసింది దాదాపు వెయ్యి. కాబట్టి ఒక నిండు గ్లాసు అంటే రోజు తిండిలో ఐదో వంతు. నేను ఇచ్చిన లెక్కన రోజుకు దక్కింది గ్లాసులో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే.

అదే నెలలో ఇంకో వార్త కూడా వచ్చింది. మాల్ట్ పొడి లాంటి పానీయాలను "హెల్త్ డ్రింక్స్" అనే పేరు కింద పెట్టి అమ్మొద్దని కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందారులకు చెప్పింది. 2006 నాటి ఆహార భద్రత చట్టంలో అసలు హెల్త్ డ్రింక్ అనే మాటకు నిర్వచనమే లేదు. మనం మాత్రం ఇన్నేళ్లు ఆ మాట నమ్మి, పిల్లలు పొడుగైతరని డబ్బాలు మోసుకొచ్చాం. టీవీలో గోడ మీద గీతలు గీసి పొడుగు కొలిచే ప్రకటనలు చూస్తే నాకిప్పుడు ఒళ్లు మండుతది. పిల్లవాని ఎత్తులో తల్లిదండ్రుల ఎత్తుది పెద్ద వాటా. మా ఆయన ఐదున్నర అడుగులు దాటడు, నేను ఐదడుగులు. మావాడు ఆరడుగులు కావాలని డబ్బాను అడిగితే అదేం చేస్తది?

అసలు రోగం మాత్రం రక్తపరీక్షలో దొరికింది. హిమోగ్లోబిన్ 8.3. ఆ వయసు పిల్లలకు కనీసం 11 ఉండాలి. మావాడు పొద్దున లేస్తే బర్రె పాలు, మధ్యాహ్నం పాలు, రాత్రి పడుకునే ముందు సీసా, మధ్యరాత్రి లేస్తే మళ్లీ సీసా. అన్నీ కలిపితే ముప్పావు లీటరు పైనే. పాలల్లో ఇనుము దాదాపు లేదు, పైగా కడుపు నింపేసి అన్నానికి జాగా ఉంచవు. రక్తం తక్కువైతే ఆకలి ఇంకా చస్తది. ఆకలి లేదని ఇంకో సీసా. ఈ తిరగలిలో మూడు నెలలు తిప్పా వాణ్ని. మావాడొక్కడే కాదు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత అని తేలింది. నూటికి 31.8 మంది వయసుకు తగ్గ బరువు లేరు. ప్రతి మూడో ఇంట్లో ఉన్న ముచ్చటను మనం "వాని ఒళ్లే అంత" అని దాటేస్తున్నాం.

ఇక ఆయన చెప్పింది, మేం చేసింది. సీసా బంద్. పాలు రోజుకు 400 మిల్లీలీటర్లు దాటొద్దు, అదీ గ్లాసుతోనే. నులిపురుగుల మందు ఒకసారి. ఐరన్ సిరప్ పాలతో కాకుండా, నిమ్మరసం పిండిన నీళ్లతో. మలం నల్లగా వస్తే జడుసుకున్నా, ఫోన్ చేస్తే అది మామూలే అన్నారు. డబ్బా రెండు పూటలా ఇస్తే నాలుగైదు రోజులకొకటి ఖతం, నెలకు ఏడు. మా జీతాలకు అది కాదని మొహం మీదే చెప్పా. అయితే రోజుకు ఒక్కటే గ్లాసు, రాత్రి అన్నం తిన్న గంటకు, నీళ్లలో, వాళ్లిచ్చిన స్కూపుతో గీత దాకా నింపి, రెండు నెలలే ఇవ్వమన్నాడు. అన్నానికి ముందు మాత్రం ఇవ్వొద్దు, అన్నానికి బదులు అసలే ఇవ్వొద్దు. మిగతాది కూట్లోనే పెంచమన్నాడు: రెండు కోడిగుడ్లు, ఒక చెంచా నెయ్యి కలిపితే దాదాపు ఆ గ్లాసంత బలమే వస్తదని లెక్క రాసిచ్చాడు. రెండు గుడ్లకు ఎంతవుతదో, ఆ గ్లాసుకు ఎంతవుతదో మీరే చూసుకోండి.

బాలామృతం గురించి చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. ఏడు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలకు అంగన్‌వాడీలో నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్ ఇస్తారు. వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె, విటమిన్లు. మా ఊర్లో అది బర్రెల కుడితిలో కలిసిన రోజులు నేను చూశా. మా ఇంట్లో కూడా రెండు ప్యాకెట్లు అటకెక్కి పురుగు పట్టాయి. సర్కారుది కాబట్టి చేదు, షాపుది కాబట్టి తీపి! జావ చేసిస్తే మావాడు ఉమ్మేసేవాడు, అది నిజమే. అప్పుడు మా అత్తమ్మే దారి చూపింది. అదే పిండిని మూకుడులో నెయ్యి వేసి కొంచెం వేడిచేసి, పల్లీల పొడి, ఇంత బెల్లం కలిపి గోలీకాయలంత ముద్దలు కట్టి డబ్బాలో పెట్టింది. వాడు ఆడుకుంటూ వచ్చి ఒకటి, పోతూ ఒకటి. ఆటోలో ఆ మాట అన్న అత్తమ్మ చేతి ముద్దలతోనే వాడు కోలుకున్నాడు. పల్లీలు మాత్రం మెత్తగా పొడి చెయ్యాలి, పలుకు ఉంటే చిన్నపిల్లలకు గొంతులో అడ్డం పడతది.

ఆగస్టు చివరికి 11.2 కిలోలు. హిమోగ్లోబిన్ 10.9. వయసుకు తగ్గ బరువు చూసే చార్టులో పసుపు దాటి పచ్చలోకి వచ్చాడు, అంచునే, అయినా పచ్చే. డబ్బా ఆపేసి అప్పటికి రెండు నెలలు. మొన్న 2026 జనవరి జాతరకు మళ్లీ తూచితే 15 కిలోలు. ఇప్పటికీ వాళ్ల బావ కంటే సన్నగానే ఉన్నాడు. ఉండనీ.

ఆకలి సిరప్ గురించి చెప్తానన్నా కదా. మాకిచ్చిన దాంట్లో ఉన్నది సైప్రోహెప్టాడిన్. అది అసలు అలర్జీ మందు, నిద్ర మత్తు తెస్తది. డాక్టర్ రాయకుండా పసిపిల్లలకు అది పొయ్యొద్దు. మావాడు ఆ వారమంతా పగలు కూడా తూగుతూ ఉంటే ఎండకు అనుకున్నా. షాపాయనకు ఆ ధైర్యం ఎక్కడిదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక మీ పాప. మూడేళ్ల ఆడపిల్లకు 10.8 కిలోల కంటే తక్కువైతే చార్టులో పసుపు గీతే. మీ పాప 10.5. అంటే డబ్బా కొనే ముందు డాక్టర్‌కు చూపించాల్సిన బరువే అది, భయపడి పరుగెత్తాల్సినంత కాదు. అయితే బరువు తగ్గుతూ పోతున్నా, విరేచనాలు తరచూ అవుతున్నా, దగ్గు జ్వరం వదలకపోయినా, పాదం మీద వేలితో నొక్కితే గుంట పడినా మాత్రం ఆగకండి, అదే రోజు చూపించండి. అవేవీ లేకపోతే ఈ వారంలో అంగన్‌వాడీకి పోయి బరువు, ఎత్తు, జబ్బ కొలత మూడూ తీయించి కార్డు మీద రాయించుకోండి. రక్తపరీక్ష చేయించమని డాక్టర్‌ను అడగండి. రెండు రోజులు పాప ఏం తిన్నది, ఎన్ని పాలు తాగింది, ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్లు ఎన్ని తెంపింది, అన్నీ కాగితం మీద రాసి పట్టుకుపోండి. నేను ఆ కాగితం లేకుండానే పోయా, అందుకే పాల సంగతి రక్తం చూసేదాకా బయటపడలేదు.

డాక్టర్ పౌడర్ రాస్తే ఏ కంపెనీదైనా పర్వాలేదు. కొన్నాక వెనక చూసి, గ్లాసుకు ఎన్ని గ్రాములో చదివి, డబ్బా మూత మీద తెరిచిన తేదీ రాయండి. ఇప్పటికే ఒకటి కొని ఉంటే అది మాల్టా, పూర్తి పౌడరా, పాప ఎత్తు ఎంత, రోజుకు పాలు ఎన్నిసార్లు తాగుతుందో ఇక్కడే కింద రాయండి. రాత్రి పని అయినాక చూసి జవాబిస్తా.