ఎక్కువ ఖర్చు పెడితే వార్డు ఎన్నికల్లో ఎక్కువ ఓట్లు పడతాయా?

డబ్బు ఎక్కువ పెట్టినవాళ్లే గెలుస్తారా అని అడిగారు. ఒకసారి స్నేహితురాలు వార్డులో పోటీ చేస్తే ఖర్చుల లెక్క నేనే రాశాను కాబట్టి చెప్తున్నా: కొంతవరకు పనిచేస్తుంది, ఆ తర్వాత ఎంత పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే. (ఓటుకు నోటు సంగతి వదిలేయండి, అది ప్రచారం కాదు, నేరం.)

ఆ కొంతవరకు ఏంటంటే, పేరు తెలియడం. చిన్న ఎన్నికల్లో ఎవరు నిలబడ్డారో కూడా చాలామందికి తెలియదు. మొదటి వారం తలుపు తడితే "ఎవరమ్మా మీరు?" అనేవాళ్లు, పోస్టర్లు పడ్డాక "ఆఁ, ఫొటో చూశాం" అన్నారు. అవతల పాత సభ్యుడికి ఆ ఖర్చే అక్కర్లేదు. అమెరికా కాంగ్రెస్ ఎన్నికల మీద గ్యారీ జేకబ్సన్ అనే రాజనీతి పరిశోధకుడు 1978లో రాసిందీ ఇదే, కొత్తవాళ్ల ఖర్చుకి కదిలినన్ని ఓట్లు పదవిలో ఉన్నవాళ్ల ఖర్చుకి కదలవని. 2009లో న్యూయార్క్ మేయర్‌గా ఉన్న బ్లూమ్‌బర్గ్ 10 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కూడా 5 శాతం లోపు తేడాతోనే బయటపడ్డారు.

మా తప్పేంటంటే, పేరు తెలిశాక కూడా ప్రింటింగ్ ఆపలేదు. మూడో విడత కరపత్రాలు పంచడానికి వెళ్తే రెండో విడతవి తలుపు సందుల్లో అలాగే ఉన్నాయి! చివరికి ఓడిపోయాం. ఆమె స్వయంగా రెండుసార్లు తిరిగిన బూత్‌లో మాత్రం మాకే ఆధిక్యం, కాగితాలే వెళ్లిన చోట చావుదెబ్బ.

అయితే ఆ బూత్‌లో ఆమె చుట్టాలు ఎక్కువ, అందుకే అక్కడికి రెండుసార్లు వెళ్లింది, కాబట్టి ఇది రుజువేం కాదు. డబ్బుతోనూ ఇదే చిక్కు, గెలిచేలా కనిపించేవాళ్లకే చందాలొస్తాయి, గెలిచాక డబ్బే గెలిపించిందంటాం. అందుకే 1998లో అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని న్యూహేవెన్‌లో ఓటర్లను లాటరీ తీసినట్టు విడగొట్టి చూశారు. ఇంటికెళ్లి మాట్లాడితే పోలింగ్ బాగా పెరిగింది, ఉత్తరాలతో కాస్త, ఫోన్లతో ఏమీ లేదు. అది ఫలానావాళ్లకి వెయ్యండని కాదు, వచ్చి ఓటెయ్యండని చెప్పడమే అనుకోండి, అయినా నాకు పనికొచ్చే లెక్కే.

మీరు పోటీలో ఉంటే మొదట్లోనే ఒక విడత ప్రింటింగ్ చేయించేయండి, తర్వాత ఓటర్ల జాబితా పట్టుకుని, వెళ్లిన ఇళ్లు కొట్టేసుకుంటూ తిరగండి, ముందు చుట్టాలు లేని వీధులకి.