నొప్పి చూసి తట్టుకోలేని పిల్ల వెటర్నరీ నర్స్ కాగలదా?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది పాఠశాల చదువు పూర్తి చేసింది. వెటర్నరీ నర్సింగ్ చదివి, జంతువుల నొప్పి నివారణలో ప్రత్యేక శిక్షణ పొందుతానని పట్టుబడుతోంది. పెంచుకున్న కుక్క చనిపోతే వారం రోజులు సరిగా తిండి ముట్టని పిల్ల, రోజంతా ఆ బాధల మధ్య ఎలా పనిచేస్తుంది? మరో ఏడాది చదివి పశువైద్య డిగ్రీలో చేరమంటే వినడం లేదు. నర్సు అని బంధువులకు చెప్పుకోవడం కూడా ఇబ్బందిగానే ఉంది. ఆన్‌లైన్‌లో జంతువుల ఫిజియోథెరపీ, లేజర్ థెరపీ సర్టిఫికెట్ కోర్సు చేయిస్తే ఆసుపత్రి బాధలు లేకుండా హాయిగా ఉంటుందని మా ఆలోచన. ఈ మూడింటిలో ఏది మేలు? – ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీరు అడిగిన పోలికకు వస్తాను. అర్హతలు, ప్రవేశ పరీక్షల వివరాలు మీరు ఇప్పటికే సేకరించుకున్నట్టు తెలుస్తోంది కనుక వాటి జోలికి వెళ్లడం లేదు. మీ ఉత్తరం పొడుగునా కనిపిస్తున్న భయం మాత్రం ఒక్కటే: మెత్తని మనసున్న పిల్ల ఈ పనిలో నలిగిపోతుందేమోనని. ఈ ప్రశ్న నాకు చాలామంది తల్లిదండ్రుల నుంచి వస్తుంది. ముందు దానికే జవాబు చెబుతాను.

రోగ నిర్ధారణ, మందు రాయడం, శస్త్రచికిత్స సాధారణంగా పశువైద్యుల బాధ్యత. అయితే వైద్యులు ఒక్కో జంతువు దగ్గర కొద్ది నిమిషాలే ఉండగలుగుతారు, డ్యూటీ ఉన్నంతసేపూ దాన్ని కనిపెట్టి చూసేది నర్సే. ఆపరేషన్ అయిన పిల్లి బోనులో వెనక మూలకు చేరి, ముడుచుకుని, కదలకుండా కూర్చుందనుకోండి. తెలియనివారు కేస్ షీట్‌లో 'ప్రశాంతంగా ఉంది' అని రాసి వెళ్లిపోతారు. శిక్షణ పొందిన నర్సు దాన్ని ముట్టుకోకముందే కాసేపు ఎడంగా నిలబడి, చెవులు పక్కలకు వాలాయా, కళ్లు సగం మూతపడ్డాయా, మూతి బిగుసుకుందా, మీసాలు నిటారుగా ముందుకు వచ్చాయా, తల భుజాల కన్నా కిందికి దిగిందా అని చూస్తుంది. మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన ఫిలైన్ గ్రిమేస్ స్కేల్, అంటే పిల్లి ముఖకవళికలను బట్టి నొప్పిని కొలిచే పద్ధతి, ఈ అయిదు గుర్తుల మీదే నిలబడింది. ఒక్కో గుర్తుకు 0 నుంచి 2 వరకు వేసి, మొత్తం 10కి 4 గానీ అంతకు మించి గానీ వస్తే నర్సు వైద్యులను పిలిచి నొప్పి మందు గురించి మాట్లాడుతుంది. కుక్కల నొప్పిని కొలవడానికి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో రూపొందిన స్కేల్ ఉంది. మొదట బోనులో ఉండగా చూడాలి, తర్వాత గొలుసు పట్టి నాలుగడుగులు నడిపించాలి, ఆ తర్వాత గాయం చుట్టూ మెల్లగా నొక్కి అది ఎలా స్పందిస్తుందో గమనించాలి. మొత్తం 24కి 6, నడిపించడానికి వీలులేని కుక్కకైతే 20కి 5, చికిత్స వైపు చూడవలసిన గీత. మందు ఇచ్చాక మళ్లీ స్కోరు వేయాలి, పని పూర్తయ్యేది అప్పుడే.

జాలి ఒక్కటే ఉంటే ఈ పనిలో పొరపాట్లు జరుగుతాయి. ఏసిప్రోమజీన్ ఇచ్చిన కుక్క మగతగా పడుకుంటే నొప్పి తగ్గిందని సంతోషిస్తాం. కానీ ఆ మందు మత్తు కలిగిస్తుందే తప్ప నొప్పిని తీయదు. ఓపియాయిడ్, అంటే మార్ఫిన్ తరహా నొప్పి మందు, తీసుకున్న కుక్క ఒక్కోసారి ఆగకుండా అరుస్తుంది. అది నొప్పి కావచ్చు, మందు వల్ల కలిగిన అయోమయమూ కావచ్చు. గాయం దగ్గర నొక్కినప్పుడు అరుపులో తేడా వస్తోందా, దగ్గరకు తీసుకుని బుజ్జగిస్తే తగ్గుతోందా అన్నది చూసి నర్సు వైద్యులకు చెబుతుంది. ఇవన్నీ నేర్చుకోగలిగిన విషయాలే. మీ అమ్మాయి మెత్తదనం ఈ చదువుకు అడ్డు కాదు, అది లేనివారు బోను ముందు అంతసేపు నిలబడరు. నర్సులను ఎక్కువగా కుంగదీసేది, నొప్పి ఉందని తాము చెప్పినా ఎవరూ పట్టించుకోని పరిస్థితి. కాబట్టి మీ భయాన్ని పిల్ల మనసు మీద నుంచి తీసి, ఆమె పనిచేయబోయే చోటు మీద పెట్టండి.

ఇక మీకు హాయిగా తోచిన సర్టిఫికెట్ కోర్సు. నిష్ఠూరంగా ఉన్నా చెప్పాలి, మూడింటిలో నాకు అనుమానాలు ఎక్కువగా ఉన్నది దీని మీదే. జంతువుల ఫిజియోథెరపీని నేను తీసిపారేయడం లేదు. కీళ్లవాతం ఉన్న కుక్కకు బరువు తగ్గించడం, పద్ధతి ప్రకారం వ్యాయామం చేయించడం నిజంగా మేలు చేస్తాయి. నొప్పి ఉన్న చోట లేజర్ కాంతి ప్రసరింపజేసే చికిత్స విషయంలో మాత్రం అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు, ప్రకటనలు చూస్తే ఆ సంగతి తెలియదు. అంతకన్నా నన్ను కలవరపెట్టేది పునాది లేకపోవడం. పెద్ద జాతి ముసలి కుక్క కుంటుతూ వస్తే అందుకు కారణం కీళ్లవాతం కావచ్చు, ఎముక క్యాన్సర్ కూడా కావచ్చు. కణితి మీద లేజర్ ప్రయోగించకూడదన్నది ఆ చికిత్సలోని ప్రాథమిక జాగ్రత్త. వార్డులో పనిచేయకుండా, వైద్యుల పర్యవేక్షణ లేకుండా, వీడియో పాఠాలు చూసి వచ్చిన పిల్ల ఆ కుక్క ముందు ఏం చేస్తుంది? ఈ రంగంలో గట్టి కోర్సులు అప్పటికే వైద్యులుగానో నర్సులుగానో ఫిజియోథెరపిస్టులుగానో అర్హత ఉన్నవారి కోసం పెట్టినవి. ఫీజు కట్టిన ప్రతి ఒక్కరినీ చేర్చుకునే కోర్సు దగ్గర ఆగి ఆలోచించాలి. పైగా అక్కడ బాధలు ఉండవని మీకు ఎవరు చెప్పారు? అక్కడికి వచ్చేవి నెలల తరబడి, ఏళ్ల తరబడి నొప్పితో ఉన్న జంతువులే. పిల్లకు కష్టం తగలకూడదనే తొందరలో, ఆ కష్టాన్ని ఎదుర్కోవడానికి కావలసిన చదువునే మీరు తప్పిస్తున్నారు.

పశువైద్య డిగ్రీ గురించి క్లుప్తంగా చెబుతాను. రోగాన్ని తానే తేల్చాలి, తానే కత్తి పట్టాలి అన్న కోరిక ఉంటే ఏడాది ఆగడం నష్టం కాదు. ఆదాయం కూడా సాధారణంగా నర్సు కన్నా వైద్యులకే ఎక్కువ, అది దాచవలసిన సంగతి కాదు. కానీ బంధువులకు చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉందన్న కారణంతో పిల్లను ఏళ్ల తరబడి ఇష్టంలేని చదువులో కూర్చోబెట్టకండి. చదవవలసింది ఆమె, బంధువులు కాదు.

పట్టుబడుతున్న అమ్మాయికీ ఒక సంగతి తెలియాలి. నొప్పి నివారణలో ప్రత్యేకత చదువు ముగియగానే చేతికి వచ్చేది కాదు. అంతర్జాతీయ వెటర్నరీ పెయిన్ మేనేజ్‌మెంట్ అకాడమీ ఇచ్చే ధ్రువీకరణకు అర్హత పొందిన నర్సులు కూడా ప్రయత్నించవచ్చు. అమెరికాలో మత్తు ఇవ్వడం, నొప్పి తగ్గించడం అనే విభాగంలో వెటర్నరీ టెక్నీషియన్లకు (అక్కడ వెటర్నరీ నర్సులను పిలిచే పేరు అది) ప్రత్యేక అకాడమీ ఉంది, దానికి కొన్నేళ్ల పని అనుభవం, తాను చూసిన కేసుల వివరమైన నమోదు అవసరం. విషయం కూడా ఒకచోట ఆగి ఉండదు. కీళ్లవాతం నొప్పి తగ్గించడానికి నెలకోసారి ఇచ్చే యాంటీబాడీ (నొప్పి కలిగించే పదార్థాన్ని అడ్డుకునే ప్రొటీన్) ఇంజెక్షన్లకు అమెరికాలో పిల్లుల కోసం 2022లో, కుక్కల కోసం 2023లో అనుమతి వచ్చింది. రేపు వార్డులో చేరే నర్సు వాటి ప్రభావాన్నీ, దుష్ప్రభావాలనూ గమనించగలగాలి.

నా సలహా, నర్సింగ్‌లో చేర్పించండి. అయితే చేర్చే ముందు, ఆ సంస్థ విద్యార్థులను శిక్షణకు పంపే ఆసుపత్రికి అమ్మాయిని తీసుకెళ్లండి. అక్కడ వార్డు చూసుకునే నర్సును, ఆపరేషన్ అయిన జంతువులకు నొప్పి స్కోరు ఎన్ని గంటలకోసారి వేస్తారో, రాత్రిపూట ఎవరు వేస్తారో, స్కోరు ఎక్కువ వచ్చిందని ఫోన్ చేస్తే వైద్యులు వస్తారో రారో అడగమనండి. వీలైతే నింపిన స్కోరు షీటు ఒకటి చూపించమనండి. ఆ సంభాషణ జరుగుతున్నంతసేపు మీరు బయట కూర్చోండి.