కాలనీ గ్రూపులో రాజకీయాలు వద్దనడం సరైనదేనా?

"మా కాలనీ వాట్సాప్ గ్రూపులో రాజకీయాల వల్ల ఇరుగుపొరుగు మొహాలు చూసుకోవడం మానేశారు. అడ్మిన్‌గా రాజకీయ పోస్టులన్నీ నిషేధించాలనుకుంటున్నాను, సరైనదేనా?" అని అడిగారు. వద్దండి. ఫార్వర్డులు ఆపండి, రాజకీయాలు ఉండనివ్వండి.

నేను తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు ఒక కాలనీ గ్రూపుకు అడ్మిన్‌ని. 2021 నవంబరు వానలకు వీధులు మునిగి, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊరంతా భయపడుతున్న రోజుల్లో ఈ గ్రూపు పెట్టాము. పాలు ఎక్కడ దొరుకుతాయి, ఏ రోడ్డు మూసేశారు, కరెంటు ఎప్పుడొస్తుంది, అప్పుడు ఇవే మెసేజ్‌లు. నీళ్లు తీశాక ఒకాయన "కాలువలో పూడిక ఎందుకు తీయలేదు?" అని అడిగారు. అది రాజకీయమా కాదా, మీరే చెప్పండి. రాజకీయం వద్దంటే కాలువ గురించి కూడా నోరు మూసుకోవాలి. నేను చూసినంతలో "ఇక్కడ రాజకీయాలొద్దు" అనేది ఎప్పుడూ అధికారంలో ఉన్న పార్టీ అభిమానులే. 2024 జూన్‌లో ప్రభుత్వం మారకముందు ఒక వర్గం అనేది, ఆ తర్వాత ఇంకో వర్గం మొదలుపెట్టింది.

అసలు పరీక్ష 2024 సెప్టెంబరులో వచ్చింది. గత ప్రభుత్వ హయాంలో శ్రీవారి లడ్డూకు వాడిన నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని 18వ తేదీన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు అన్నారు. వైఎస్సార్‌సీపీ నాయకులు అబద్ధమన్నారు. మా ఊళ్లో ఆ మాట ఎట్లా తగిలిందో బయటివాళ్లకు చెప్పినా అర్థం కాదు. ప్రతి వీధిలో కొండమీద ఉద్యోగం చేసే మనిషి ఒకరుంటారు. ఒకట్రెండు రోజుల్లోనే గ్రూపు నిండిపోయింది, అన్నీ చాలాసార్లు ఫార్వర్డ్ అయ్యాయని చూపే రెండు బాణాల గుర్తుతో వచ్చినవే. సొంతంగా ఒక్క వాక్యం రాసినవాళ్లు లేరు. "లడ్డూ చేసేవాళ్లకు అన్నీ తెలుసు, వాళ్లకూ వాటా ఉంది" అని కూడా ఒకటి వచ్చింది.

మా వీధిలోనే పోటులో, అంటే శ్రీవారి ప్రసాదాలు వండే వంటశాలలో పనిచేసి రిటైరైన స్వామి ఒకరున్నారు. రాత్రి ఫోన్ చేశారు. "నాయనా, నన్ను గ్రూపులో నుంచి తీసెయ్. స్వామివారి ప్రసాదం చేసిన చేతులివి. నా మనవరాలు ఆ మెసేజ్ చదివి, నిజమా తాతా అని అడుగుతా ఉండాది" అన్నారు. ఆ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ఆయన్ను తీయలేదు. అడ్మిన్లు మాత్రమే రాసేటట్టు గ్రూపును మూసి, తెల్లారి ఒక మెసేజ్ పెట్టాను. ఏ పార్టీ గురించైనా రాయండి, సొంత మాటల్లో రాయండి, మీకెలా తెలిసిందో కూడా రాయండి, మనిషిని తిడితే తీసేస్తాను అని. మొదట తీసింది మా చిన్నమామ పెట్టిన ఫార్వర్డునే. "ఏమిరా అల్లుడూ, తీసేసేదానికి నా మెసేజే దొరికిందా?" అని కోపగించుకుని కొన్నాళ్లు మాట్లాడలేదు. సొంతవాళ్లతో మొదలుపెట్టని అడ్మిన్ మాట ఎవరూ వినరు.

గ్రూపు తెరిచాక మధ్యాహ్నం దాకా ఒక్కరూ రాయలేదు. అప్పుడు స్వామే వాయిస్ మెసేజ్ పెట్టారు. దిట్టం, అంటే ప్రసాదానికి దేవస్థానం పెట్టిన సరుకుల కొలత ప్రకారం 5,100 లడ్డూలకు శనగపిండి 180 కిలోలు, నెయ్యి 165, చక్కెర 400, జీడిపప్పు 30, ఎండుద్రాక్ష 16, కలకండ 8, యాలకులు 4 కిలోలు అని మంత్రం చదివినట్టు చెప్పారు. "నెయ్యి టెండరులో వస్తాది. ఎవరికియ్యాల, ఎంతకియ్యాల అనేది పోటువాళ్లు తేల్చేది కాదు" అన్నారు. అంతే, ప్రశ్నలు మొదలయ్యాయి. కిలో 320 రూపాయలకు ఆవు నెయ్యి ఎట్లా గిట్టుబాటవుతుంది? ట్యాంకరు వచ్చినప్పుడు ఎవరు పరీక్షిస్తారు? రెండు పార్టీలవాళ్లూ అవే ప్రశ్నలు అడిగారు. దేవుళ్లనైనా రాజకీయాలకు దూరంగా ఉంచమన్న సుప్రీంకోర్టు, అక్టోబరు 4న సీబీఐ, రాష్ట్ర పోలీసు, ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అధికారులతో అయిదుగురి బృందాన్ని వేసింది. మావాళ్లు అంతకు ముందే సరైన దారిలో ఆలోచిస్తున్నారని నాకు గర్వంగా అనిపించింది.

2025 జనవరి 8న వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. రాజకీయాలు నిషేధించి ఉంటే "ఏర్పాట్లు ఎవరివి?" అని మా గ్రూపులో ఎవరైనా అడగగలిగేవాళ్లా?

గ్రూపులో ఎవరేం రాసినా అడ్మిన్ జైలుకెళ్తాడని భయపెట్టే మెసేజ్‌లు మీకూ వస్తుంటాయి. సభ్యుడు పెట్టిన పోస్టుకు, కేవలం అడ్మిన్ అయినందుకు మాత్రమే బాధ్యుణ్ణి చేయలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ఆ టెన్షన్‌తో గ్రూపు మూసుకోకండి. నన్నడిగితే, పొద్దున్నే వచ్చే గుడ్‌మార్నింగ్ పూల బొమ్మల్ని ముందు నిషేధించాలి. నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో రాసిన మెసేజ్ వాటి కింద పడి కనిపించకుండా పోతోంది.

ఇంకొకటి. నేను ఎవరికి ఓటేస్తానో కాలనీలో అందరికీ తెలుసు. అందుకే ఎదుటి పార్టీ ఆయన్ను రెండో అడ్మిన్‌గా పెట్టాము. మావాళ్ల మెసేజ్‌లు నేను తీస్తాను, వాళ్లవాళ్లవి ఆయన తీస్తాడు. మీ కాలనీలో అట్లాంటి మనిషి ఉంటే ఈరోజే వెళ్లి అడగండి, ఫోన్‌లో కాకుండా ఇంటికి వెళ్లి.